ముంపు మేడమ్

మా మేనత్త దేన్నైనా నీళ్లలో ముంచి చూస్తే తప్ప నమ్మదు. మీరు ఆమె చేతికి ఏదైనా ఇచ్చారంటే మరో నిమిషంలో అది గ్లాసులో ఉంటుంది. ఆమె చేతి గడియారం చూస్తూ ఉంటుంది. మీరు గ్లాసును చూస్తూ, ఇచ్చినందుకు మిమ్మల్ని మీరే తిట్టుకుంటూ ఉంటారు.

ఇలాంటి జబ్బున్న మనిషికి ఎవరైనా వైద్యం చేయిస్తారు. మా అత్తకు ఉద్యోగం ఇచ్చారు. ముప్ఫై ఏళ్లుగా ఆమె ఒక ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తోంది. అక్కడ మొక్కజొన్న పిండితో రెండు రకాల సరుకు తయారవుతుంది. ఒకటి, పిల్లలు వేళ్లకు తొడుక్కుని కొరుక్కుతినే ఉప్పు ఉంగరాలు. రెండోది, పెట్టెల్లో గాజు సామాను పగలకుండా చుట్టూ నింపే తెల్లటి బెండు ముక్కలు. చూడటానికి థర్మోకోల్‌లాగే ఉంటాయి గానీ నీళ్లు తగిలితే కరిగిపోతాయి, మట్టిలో పడేస్తే మట్టైపోతాయి. అవి నిజంగా కరుగుతున్నాయో లేదో చూడటమే ఆమె పని. గంటకోసారి పిడికెడు ముక్కలు తెచ్చి, గ్లాసులో వేసి, ఎన్ని సెకన్లకు కరిగాయో పుస్తకంలో రాసుకోవాలి. రోజుకు ఎనిమిది గ్లాసులు ముంచితే చాలు. తొమ్మిదో గ్లాసు నుంచి ఆమె సొంత సరదా.

ఫ్యాక్టరీలో ఆమెను ముంపు మేడమ్ అంటారు. ఎదురుగా ఉన్నప్పుడు మేడమ్ అనీ, అటు తిరగ్గానే ముంపు అనీ అంటారు. బంధువులకు ఆ మాత్రం మొహమాటం కూడా లేదు. "మీ అత్త ఇవాళ ఎవరి కొంప ముంచింది?" అని నన్నే అడుగుతారు.

ఒకసారి బీమా ఏజెంటు ఒకాయన ఆమె ఇంటికి వచ్చి విజిటింగ్ కార్డు ఇచ్చాడు. ఆమె దాన్ని గ్లాసులో వేసింది. ఏదో గారడీ చూపిస్తుంది కాబోలని ఆయన నవ్వుతూ కూర్చున్నాడు. ఐదు నిమిషాలైంది. ఆ కార్డు మీద ప్లాస్టిక్ పొర ఉంది. అది నీళ్లలో హాయిగా, పెళ్లికొచ్చిన వాడిలా కాళ్లు చాపుకుని పడుకుంది. ఆమె దాన్ని బయటికి తీసి, తుడిచి, ఆయన చేతిలోనే పెట్టి తీర్పు చెప్పింది.

"నానదు, కరగదు, సిగ్గుపడదు."

తననే అందనుకుని ఆయన బ్యాగు సర్దుకుని లేచాడు. తననే అని ఉండొచ్చు కూడా. ఆ మూడు మాటలూ మా అత్త నోట్లో అన్నిటికన్నా పెద్ద తిట్టు. ప్లాస్టిక్ కప్పుల్నీ అంతే అంటుంది, బస్సులో కాళ్లు చాపి రెండు సీట్లు ఆక్రమించేవాళ్లనీ అంతే అంటుంది, వారానికోసారైనా మా నాన్ననీ అంటుంది. మా నాన్న ఆమెకు స్వయానా అన్న. ఎదురు చెప్పడు. చెబితే ఏది తీసుకెళ్లి ముంచుతుందోనని భయం.

మందుల షాపువాడైతే ఆమె కనబడగానే మాత్రల డబ్బాలు వెనక్కి జరుపుతాడు. కొన్న ప్రతి రకం మాత్రల్లోనూ ఒకటి ముంచి, టైము చూసి, నచ్చకపోతే మిగతావి వెనక్కి తెస్తుంది. ఒకరోజు కౌంటరు దగ్గర పదిమంది వింటుండగా, "ఇది గ్లాసులోనే ఇరవై నిమిషాలు కూర్చుంది. కడుపులోకెళ్లి ఏం చేస్తుంది, కాపురం పెడుతుందా?" అని అడిగింది. వెనక నిలబడ్డవాళ్లలో ఇద్దరు చీటీలు జేబులో పెట్టుకుని ఇంకో షాపుకు వెళ్లిపోయారు.

మా మావయ్య దర్జీ. నెమ్మదస్తుడు. అంత నెమ్మదస్తుడు కాకపోతే ఆ ఇంట్లో బతకలేడు. కొలతలు చీటీల మీద రాసుకుని మిషను పక్కన మేకుకు గుచ్చుకునేవాడు. ఒకరోజు కొత్త రకం కాగితం కనబడిందని ఆమె ఆ చీటీల కట్ట మొత్తం ముంచేసింది. ఆ వారం కుట్టిన కోట్లలో ఒక్కటీ ఎవరికీ పట్టలేదు. ఒకాయనకు చేతులు మోకాళ్ల దాకా వచ్చాయి. అప్పటి నుంచి మావయ్య కొలతలు మిషను వెనక గోడ మీద సుద్దతో రాసుకుంటున్నాడు. ఎందుకలా అని ఎవరైనా అడిగితే, "గోడను ఎత్తి గ్లాసులో పెట్టలేదు కదా" అంటాడు. అదీ నెమ్మదిగానే.

ఇలాంటి మనిషి సిఫారసుతో నేను ఉద్యోగంలో చేరాల్సి వచ్చింది. నా చదువుకు అంతకన్నా మంచిది దొరకలేదు. అసలు సిఫారసు అనడం కూడా తప్పే. "మా అన్న కొడుకు. వీడిలో పెద్దగా సరుకేం లేదు. మెషిన్ దగ్గర నిలబెడితే నిలబడతాడు," అని మేనేజరుకు చెప్పిందట. నేను నిలబడ్డాను.

ఆ మెషిన్‌ను ఎక్స్‌ట్రూడర్ అంటారు. పేరు వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, చూస్తే పొడుగాటి ఉక్కు గొట్టం, లోపల తిరిగే ఓ పెద్ద స్క్రూ, అంతే. పైన గరాటులోంచి తడిపిన పిండి పడుతుంది. స్క్రూ దాన్ని నలుపుతూ ముందుకు తోస్తుంది. లోపలి వేడికీ ఒత్తిడికీ పిండి ఉడికి ముద్దవుతుంది. చివర ఉన్న బెజ్జంలోంచి బయటపడగానే, అప్పటిదాకా లోపల బిగబట్టుకుని ఉన్న నీరు ఒక్కసారిగా ఆవిరై, ఆ ముద్ద బుస్సున పొంగుతుంది. కత్తి తిరుగుతూ దాన్ని ముక్కలు కోస్తుంది. ఉప్పూ మసాలా చల్లితే తిండి, చల్లకపోతే ప్యాకింగు. పొద్దున తిండి, మధ్యాహ్నం నుంచి ప్యాకింగు. ఈ రెంటిలో మా అత్తకు ప్యాకింగంటేనే గౌరవం. పిల్లల కడుపులోకి పోయి నొప్పి తెప్పించేదాని కన్నా, గాజు పక్కన కూర్చుని దెబ్బలు కాసేదే నయమంటుంది.

ఈ వ్యవహారం మొత్తం పిండిలోని తడి మీద ఆధారపడి ఉంటుంది. పదహారు శాతం దగ్గర ఉండాలి. తక్కువైతే లోపల మాడి గొట్టం బిగుసుకుపోతుంది. ఎక్కువైతే పొంగదు, ముక్కలకు బదులు గులకరాళ్లు వస్తాయి. పక్క గదిలో మిక్సింగు చూసే పెద్దాయన పిండిలో కొలిచి నీళ్లు కలుపుతాడు. మెషిన్ మొదలుపెట్టే ముందు నేను చారెడు పిండి తీసి, చిన్న మీటరులో పెట్టి, ఎంత తడి ఉందో రిజిస్టరులో రాయాలి. నా ఉద్యోగంలో బుర్ర వాడాల్సిన పని అదొక్కటే. దానికి రెండు నిమిషాలు పడుతుంది.

నేను చేరిన రెండో ఏడు, వానాకాలంలో మూడు రోజులు ముసురు పట్టింది. మావయ్యకు కంటి ఆపరేషను ఉందని మా అత్త సెలవు పెట్టింది. అలాంటి రోజుల్లో పిండి తనంతట తానే గాలిలోని తడి పీల్చుకుంటుంది. నీళ్లు మామూలుగా కలిపితే ఎక్కువైపోతుంది. అందుకే ఆ రోజుల్లో మీటరు తప్పకుండా చూడాలి. నేను చూడలేదు. ఫోనులో మ్యాచ్ చూస్తున్నాను. ఆఖరి ఓవర్లు. నిన్నటి గడిలో పదహారు అని ఉంది. ఇవాళ్టి గడిలోనూ పదహారు అని రాశాను. నిన్నటి కన్నా గుండ్రంగా కూడా రాశాను.

ముక్కలు పొంగలేదు. చేత్తో నొక్కితే నొక్కుకోవాల్సినవి, ఎదురు నా వేలినే నొక్కాయి. మూడో బస్తాకే నాకు అనుమానం వచ్చింది. కాసేపాగితే మెషినే సర్దుకుంటుందిలే అనుకున్నాను. మా వాళ్లు మ్యాచ్ గెలిచేసరికి నలభై బస్తాలు నిండాయి. ఆనందంలో ఉన్నాను, ఎవరితోనూ ఏమీ అనలేదు. ల్యాబులో ముంచి చూసేవాళ్లు లేరు. సాయంత్రానికి లారీ వచ్చి అన్నీ ఎత్తుకుపోయింది.

ఆ బస్తాలు వెళ్లింది దీపాలకు గాజు చిమ్నీలు చేసే కంపెనీకి. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. దారిలో నాలుగు వందల చిమ్నీలు పగిలాయని, మీ ముక్కలు చిమ్నీలను కాపాడటం పోయి వాటిని కొట్టాయని రాశారు. మిగిలిన బస్తాలు వెనక్కి పంపించారు. ఇంకోసారి ఇలా జరిగితే పాత పద్ధతిలో థర్మోకోలే వాడుకుంటామన్నారు.

మేనేజరు విచారణ పెట్టాడు. అది ఎంతో సేపు పట్టలేదు. రిజిస్టరులో పదహారు అని ముత్యాల్లాంటి అంకెలు ఉన్నాయి కాబట్టి, తడి చూసినప్పుడు పిండి బాగానే ఉందన్నమాట. ఆ తర్వాత ఎవరో నీళ్లు చల్లి ఉండాలి. ఎవరు చల్లి ఉంటారు? మిక్సింగు పెద్దాయనకు దుమ్ముతో దగ్గు. దుమ్ము లేవకుండా అప్పుడప్పుడూ నేల మీద చిలకరిస్తాడని అందరికీ తెలుసు. ఆ నీళ్లే పిండిలో పడ్డాయని తేల్చేశారు.

ఆయనను పిలిచి అడిగారు. ఇంకొకడైతే కుర్చీలు ఎగిరేవి. ఆయన మాత్రం చాలాసేపు ఆలోచించి, "నేను చల్లినట్టు గుర్తు లేదు బాబూ. కానీ చల్లలేదని ఒట్టు వేసి చెప్పలేను. మూడు రోజులూ దగ్గు ఎక్కువగా ఉంది," అన్నాడు. పెద్దాఫీసుకు పంపడానికి ఉద్యోగంలోంచి తీసేసే ఉత్తరం తయారైంది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, చూపించిన చోట సంతకం చేశాడు. పక్కనే నేను నిలబడి ఉన్నాను. నాలో సరుకేం లేదని మా అత్త మొదట్లోనే అందే, ఆ మాట అబద్ధం కాలేదు.

మా అత్త సోమవారం పనిలోకి వచ్చింది. వెనక్కొచ్చిన బస్తాలనూ, వాటి మీది నంబర్లనూ చూసింది. నా వైపు రాలేదు, ఏమీ అడగలేదు. మధ్యాహ్నం టీ తాగేటప్పుడు మాత్రం, ఆ రోజు వాన బాగా పడిందా అని అడిగింది. మామూలుగానే పడిందన్నాను. మంగళవారం, మ్యాచ్ ఎవరు గెలిచారని అడిగింది. ఆమెకు ఏ ఆటలోనూ ఏదీ తెలియదు. నాకు గుర్తు లేదన్నాను. బుధవారం పొద్దున పెద్దాయన దగ్గు ఎలా ఉందని అడిగింది. నాకేం తెలుసన్నాను. ఈ మూడు రోజులూ ఆమె నా టిఫిను డబ్బా మూత మీది లేబులు ముంచింది, నా బస్సు పాసు ముంచింది, నేను కొన్న కొత్త రుమాలు ముంచి రంగు పోగొట్టింది. వయసు మీద పడి చాదస్తం ముదిరిందనుకున్నాను. అది కాస్తా నలుగురికీ చెప్పి నవ్వించాను కూడా.

బుధవారం సాయంత్రం ఇంటికి రమ్మని కబురు పెట్టింది. వెళ్లాను. మావయ్య కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని మంచం మీద రేడియో వింటున్నాడు. బల్ల మీద రెండు గ్లాసుల నీళ్లు, పక్కన రెండు కాగితం పొట్లాలు ఉన్నాయి. నన్ను కూర్చోమని ఎదురుగా ఆమె కూర్చుంది. ఒక పొట్లంలోంచి ముక్క తీసి ఎడమ గ్లాసులో వేసింది. ఇంకో పొట్లంలోంచి తీసి కుడి గ్లాసులో వేసింది. మంచి ముక్కైతే నీటి మీద తేలుతూ నలభై సెకన్లలో మాయమవుతుంది. ఇవి రెండూ టప్పున అడుక్కు పోయాయి. అడుగున కూర్చుని నన్నే చూస్తున్నాయి.

ఆమె గడియారం చూసుకుంటోంది. నిమిషం గడిచింది. రెండైంది. మూడైంది. మావయ్య రేడియో గొంతు తగ్గించాడు.

"ఎడమది మొదటి బస్తాలోది," అంది చివరికి. "కుడిది నలభయ్యో బస్తాలోది. పెద్దాయన మధ్యలో నీళ్లు చల్లి ఉంటే మొదటి బస్తా బాగుండాలి. రెండూ ఒక్కలాగే మునిగాయి. అంటే పిండి మొదటి నుంచీ తడిగానే ఉంది. మీటరు పెట్టి చూసినవాడెవడూ దాన్ని పదహారు అని రాయడు."

నేను గ్లాసుల్నే చూస్తున్నాను.

"నువ్వేమైనా చెబుతావా, ఇంకో గ్లాసు తెమ్మంటావా?"

చెప్పేశాను. మ్యాచ్ గురించీ, నిన్నటి గడి గురించీ, మూడో బస్తా గురించీ చెప్పాను. సంతకం పెట్టేటప్పుడు పెద్దాయన కళ్లజోడు తుడుచుకోవడం గురించి కూడా చెప్పాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. రేపు పది గంటలకు మేనేజరు గదికి వచ్చి ఇదంతా మళ్లీ చెప్పమంది. ఉద్యోగం పోతుందత్తా అన్నాను.

"పోతే పోతుంది. నువ్వు చెప్పకపోతే నేనే చెబుతాను. కానీ నువ్వు చెబితే బాగుంటుంది."

నేను లేచి వచ్చేటప్పటికీ ఆ ముక్కలు కరగలేదు. మూడు మాటల తిట్టు వస్తుందని గుమ్మం దాకా ఎదురుచూశాను. ఆమె అనలేదు.

మర్నాడు పదింటికి మేనేజరు గదిలో మేం నలుగురం ఉన్నాం. పెద్దాయన గోడను ఆనుకుని నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. నేను నేల వైపు చూస్తూ అంతా చెప్పాను. నేల నున్నగా ఉంటుంది, చెప్పడానికి తేలిక. మేనేజరు విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. పెద్దాయన ఉత్తరం సంతకాలతో సహా పూర్తయిందన్నాడు. ఇవాళ మధ్యాహ్నం టపాలో వెళ్లాలన్నాడు. పెద్దాఫీసుకు ఫోనులో చెప్పేశానన్నాడు. ఇప్పుడు దాన్ని మార్చడం చాలా కష్టమని, ఒకసారి కాగితం మీద పడిందంటే పడిందేనని అన్నాడు.

మా అత్త ఆ ఉత్తరం ఒకసారి చూడనివ్వమంది. ఆయన ఇచ్చాడు. ముప్ఫై ఏళ్లుగా ఆమెను ఎరిగిన మనిషి ఆమె చేతికి కాగితం ఎలా ఇచ్చాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. బల్ల మీద మూత పెట్టిన గ్లాసు నిండా నీళ్లున్నాయి. ఆమె మూత తీసింది. ఉత్తరాన్ని రెండు మడతలు పెట్టి అందులో దించింది. గడియారం చూసుకుంది.

 అక్షరాలు ఒక్కొక్కటే కాగితం దిగి వచ్చి నీళ్లలో కలిశాయి. నీళ్లు ముందు నీలంగా, తర్వాత నల్లగా అయ్యాయి. పెద్దాయన సంతకం ఒక పొగలాగా పైకి లేచి పోయింది.

"పద్నాలుగు సెకన్లు," అంది మా అత్త. "ఈ ప్రింటరు ఇంకు ఉత్త చెత్త సార్. ఇలాంటిదాంతో మనుషుల బతుకులు రాయకూడదు."

మేనేజరు ఇంకు నాసిరకమేనని ఒప్పుకున్నాడు. కొత్తది తెప్పించాలని కాగితం మీద రాసుకున్నాడు. పెద్దాయనతో, వెళ్లి పని చూసుకోమన్నాడు. తర్వాత కంప్యూటరు వైపు తిరిగి ఇంకో ఉత్తరం కొట్టాడు. అది నాది. మూడు నెలల పాటు మెషిన్ నుంచి తప్పించి మిక్సింగు గదిలో పెద్దాయన కింద సహాయకుడిగా పని. ఇంకో తప్పు జరిగితే ఉద్యోగం ఉండదు. ప్రింటరు దాన్ని బయటికి తోసింది, నేను తల దించుకునే సంతకం చేశాను. అదే ఇంకు. అదే బల్ల. ఇంకో గ్లాసు నీళ్లు కూడా తెప్పించాడు. నా సొంత మేనత్త పక్కనే ఉంది. అమ్మయ్య, ఇక ముంచుతుంది అనుకున్నాను.

ముంచలేదు. కాగితం తీసి చదివి, తడి తగలకుండా జాగ్రత్తగా మేనేజరు చేతికే ఇచ్చింది. పరాయివాడి ఉత్తరం పద్నాలుగు సెకన్లలో కరిగించిన మనిషికి సొంత అన్న కొడుకు ఉత్తరం మీద మాత్రం చుక్క నీరు పడకూడదట. ఆ రోజు నుంచి నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఆ సంగతి గమనించినట్టు కూడా కనబడలేదు.

మిక్సింగు గదిలో గాలికి బదులు పిండి ఉంటుంది. ఒక్క రోజులో కనుబొమ్మలు తెల్లబడ్డాయి, రెండో రోజుకు దగ్గు పట్టుకుంది. పెద్దాయన నా మీద కోపం చూపించి ఉంటే పని తేలికయ్యేది. ఆయన బస్తా ఎలా విప్పాలో, పిండిని చేత్తో పిసికి తడి ఎలా తెలుసుకోవాలో ఓపిగ్గా నేర్పాడు. వారం తర్వాత మా అత్త ఆ గదిలోకి వచ్చి రెండు గుడ్డ మాస్కులు బల్ల మీద పడేసింది. మావయ్య కట్టు విప్పాక మొట్టమొదట కుట్టినవట. నాలుగు రకాల గుడ్డ పిండినీళ్లలో ముంచి చూశానని, ఇదొక్కటే పిండిని ఆపిందని, మిగతావి నానవు, కరగవు, సిగ్గుపడవని చెప్పి వెళ్లిపోయింది. మావయ్యకు చూపు ఇంకా పూర్తిగా కుదరలేదు. నా మాస్కుకు ఒక చెవి తాడు రెండోదాని కన్నా జానెడు పొడుగుంది. పెద్దాయన తనది కట్టుకుని, నాలుగు రోజుల్లో దగ్గు సగానికి తగ్గిందన్నాడు.

ఆ గదిలోనే ఆయన నాకు ఇంకో విషయం చెప్పాడు. ఆ రోజు తడిసిన ఉత్తరం ఆయనకు మొదటిది కాదు.

"మూడోది బాబూ. మా అమ్మాయి ఆస్పత్రిలో ఉన్నప్పుడు బస్తాల మీద పడి నిద్రపోయాను, అది ఒకటి. సూపర్‌వైజరుతో మాటామాటా పెరిగింది, అది రెండోది. అవీ అమ్మగారే ముంచారు. నాదొక్కటే కాదు. ఇప్పుడున్న మేనేజరు గారు గుమాస్తాగా ఉండేవారు, ఆయనదీ ఒకటి ముంచారు."

నేను నమ్మలేదు. కాగితం తడిస్తే ఏమైంది, ఇంకోటి తీసుకోవచ్చు కదా. ఈ ఫ్యాక్టరీలో ఆ మాత్రం బుర్ర ఎవరికీ లేదా అనుకున్నాను. మూడు నెలలూ అదే ఆలోచన. ఆఖరి రోజు మేనేజరు పిలిచి, రేపటి నుంచి మెషిన్ దగ్గరికి వెళ్లమన్నప్పుడు అడిగేశాను.

ఆయన కుర్చీ వెనక్కి వాలి నన్ను చూశాడు. "ఫైలు కంప్యూటర్లోనే ఉంది. మళ్లీ ప్రింటు తియ్యమని ఎవరడిగారు?" అన్నాడు. తన ఉత్తరం రోజుల్లో టైపు మిషను ఉండేదని, కార్బన్ కాపీ కూడా ఉండేదని, అప్పటి మేనేజరు ఆ కాపీతో బల్ల మీద టీ మరక తుడుచుకున్నాడని చెప్పాడు. కోపంలో రాసిన కాగితం ఒకసారి కళ్ల ముందు తడిసి ముద్దైపోతే, మళ్లీ కూర్చుని రాయడానికి ఎవరికీ అంత కోపం మిగలదట. పైవాళ్లు అడిగితే ల్యాబు మేడమ్‌కు పిచ్చి, ముంచేసింది అని చెబితే సరిపోతుందట. పెద్దాఫీసులో కూడా ఆమె పిచ్చి సంగతి అందరికీ తెలుసట.

"మరి నాది ఎందుకు ముంచలేదు?"

"నేను గ్లాసు ఆవిడ వైపు జరిపాను. ఆవిడ నా వైపు జరిపింది. మళ్లీ జరిపాను, మళ్లీ వెనక్కి జరిపింది. నువ్వు నేల చూస్తున్నావు, నీకు తెలీదు. నువ్వు వెళ్లాక అడిగితే, వాడికి మూడు నెలలు పిండి తగలాలి అంది."

ఆయనే మళ్లీ అన్నాడు. "పెద్దాయన ఉత్తరం సోమవారమే పంపాల్సింది. ఆవిడ వచ్చి గురువారం దాకా ఆపమంది. మా వాడే వచ్చి చెబుతాడు, వాడికి కొంచెం టైము పడుతుంది అంది. బుధవారం దాకా ఎదురుచూసింది."

వాన గురించీ, మ్యాచ్ గురించీ, దగ్గు గురించీ ఆమె ఎందుకు అడిగిందో అప్పటికి గానీ నా బుర్రకు ఎక్కలేదు. ఆ ఏడాది మొత్తంలో నా బుర్రకు ఎక్కిన మొదటి విషయం అదేననుకుంటాను.

మేనేజరు సొరుగు తీసి నా ఉత్తరం ఇచ్చాడు. ఫైలులో పెట్టొద్దని, మూడు నెలలూ సరిగ్గా చేస్తే వాడికే ఇచ్చేయమని ఆమె చెప్పిందట.

దాన్ని జేబులో పెట్టుకుని సరాసరి వాళ్ల ఇంటికి వెళ్లాను. ఎండ మండిపోతోంది. మావయ్య మిషను కుడుతున్నాడు. గోడ మీద సుద్ద కొలతలు అప్పుడే నా భుజం ఎత్తు దాకా వచ్చాయి. మా అత్త బల్ల ముందు కూర్చుని పక్కింటివాళ్లకు వచ్చిన పార్సిలు డబ్బా అట్టముక్క ఒకటి పరీక్షించి, అప్పుడే తీసి ఆరబెట్టింది. నా చేతిలో కాగితం చూసింది. లేచి గ్లాసు కడిగి, కొత్త నీళ్లు పోసి, బల్ల మీద పెట్టింది. చెయ్యి చాపింది.

"ఇటివ్వు."

"వద్దత్తా. ఇది నా దగ్గరే ఉంచుకుంటాను."

"ఎందుకు, ఫ్రేము కట్టించుకుని గోడకు తగిలిస్తావా?"

"బీరువాలో పెట్టుకుంటాను. అప్పుడప్పుడూ తీసి చదువుకుంటాను."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. గ్లాసులో వేసిన ముక్కను ఎలా చూస్తుందో అలాగే, కదలకుండా చూసింది. చూస్తున్నంతసేపూ గడియారం వైపు మాత్రం చూడలేదు. తర్వాత చాపిన చేయి వెనక్కి తీసుకుని, ఆ గ్లాసు ఎత్తి, అడుగు దాకా గటగటా తాగేసింది.

మావయ్య మిషను ఆపాడు. కొత్త కన్నుతో గ్లాసునూ, ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

"ఏమే, తాగావా?"

"ఏం చేయను, ముంచడానికి ఏమీ ఇవ్వడం లేదు," అంది మా అత్త.